అచ్చులో చచ్చినవాడు

టర్నర్ సందు చివర పాడుబావి వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. ఇప్పుడే కాదు, మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంతే. ఆ బావిలో ఎవరో పనిపిల్ల పడి చచ్చిందని కొందరు, పడలేదు తోసేశారని కొందరు. నీళ్ళు ఎప్పుడో ఎండిపోయాయి, పైన చెక్కలు కొట్టి మూసేశారు. అయినా రాత్రిపూట ఆ చెక్కల కింద నుంచి బొక్కెన లాగుతున్న చప్పుడు వస్తుందని చెప్పుకునేవాళ్ళు. నేనైతే వినలేదు. పొద్దస్తమానం బీరు కొట్టులో నిలబడి కాళ్ళు పీకుతుంటే, మంచం మీద వాలాక బొక్కెన చప్పుడు కాదు కదా, లండన్‌లో గంటలన్నీ కలిసి మోగినా నాకు మెలకువ రాదు.

నేను చెప్పేది ఆ పనిపిల్ల సంగతి కాదు. ఐర్లండ్‌లో తిరుగుబాటు లేచిన మరుసటి ఏడు అదే బావి దగ్గర ఇంకొకడు కనపడ్డాడు. ఆ పిల్ల పేరు ఎవరికీ తెలీదు. వీడి పేరు మాత్రం ఊరంతటికీ తెలుసు... అచ్చులో వచ్చింది కాబట్టి.

ఆ ఏడు జనానికి ఐర్లండ్ పిచ్చి పట్టింది. పొద్దున లేస్తే వార్తల కాగితాలు అమ్మేవాళ్ళ అరుపులే. అక్కడ గెలిచాం, ఇక్కడ గెలిచాం, తిరుగుబాటుదారులు ఇన్ని వందలమంది చచ్చారు, మనవాళ్ళు నలుగురే పోయారు. నిజం వార్త రావాలంటే ఓడ రావాలి, ఓడ రావాలంటే గాలి కలిసి రావాలి. అచ్చాఫీసువాళ్ళు గాలి కోసం ఆగుతారా? ఆగరు. ఓడ రాకపోయినా యుద్ధం మాత్రం వచ్చేది.

ఆ యుద్ధాలు ఎక్కడ జరిగేవనుకున్నారు? నా కొట్లో, పొయ్యి పక్క బల్ల మీద. గిల్బర్ట్ పాస్క్ అని ఒక సన్నపాటి మనిషి ఉండేవాడు. చదువుకున్నవాడే, పాదిరి కావలసినవాడు, ఏదో గొడవై మానేశాడు. ట్రెడ్వెల్ అనే అచ్చాఫీసాయనకి వార్తలు రాసిచ్చేవాడు. ఐర్లండ్ నుంచి తనకి ఉత్తరాలొస్తాయి, వాటినే రాసిస్తానని పేటంతా చెప్పుకునేవాడు. "ఐర్లండ్ నుంచి ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం" అని మొదలుపెట్టేవాడు. ఆ పెద్దమనిషి వీడే. ఐర్లండ్‌లో కాలు పెట్టిన పాపాన పోలేదు. నా నిప్పుకి వెచ్చబెట్టుకుంటూ, నా కొవ్వొత్తి కరగబెడుతూ, వేలమందిని చంపేవాడు. తిట్టీ తిట్టీ నాకే ఓపిక పోయింది.

కొన్నాళ్ళకి కొనేవాళ్ళకి అనుమానం వచ్చింది. ఫలానా కెప్టెన్ వీరమరణం అని రాస్తే, ఎవరా కెప్టెన్, ఏ ఊరివాడు, ఎవరి కొడుకు అని అడగడం మొదలుపెట్టారు. ట్రెడ్వెల్ విసుక్కున్నాడట. "జనం ఎరిగిన పేర్లు పెట్టవయ్యా," అన్నాడట. అది ఆ వృత్తిలో మామూలే, ఒక్క నిజం పేరు పడితే మిగతా అబద్ధమంతా నమ్ముతారు. గిల్బర్ట్ బుర్ర గోక్కున్నాడు. మా పేట నుంచి పటాలంలో చేరి వెళ్ళిన కుర్రాళ్ళు వెళ్ళేముందు రాత్రి నా కొట్లోనే తాగారు. వాళ్ళ పేర్లు వీడికి గుర్తున్నాయి. ఎక్కడో సముద్రం అవతల ఉన్నవాళ్ళు, ఎవరొచ్చి అడుగుతారులే అనుకున్నాడు.

అలా హంఫ్రీ హారోని చంపాడు.

హంఫ్రీ గుర్రాల జీన్లు కుట్టేవాడు. నెమ్మదైనవాడు. పనిలేక పటాలంలో చేరాడు. వాడికి కాగితంలో ఇచ్చిన చావు మాత్రం రాజులకి కూడా రాదు. "కిల్‌బారిన్ రేవు వద్ద మన సైన్యమునకు కలిగిన మహా విజయము" అని పైన పెద్ద అక్షరాలు. కింద, మంచులో తిరుగుబాటుదారులు చుట్టుముడితే, జెండా పట్టినవాడు కూలిపోతే, హంఫ్రీ హారో అనే సామాన్యుడు ఆ జెండా అందుకుని, నడుములోతు నీళ్ళలో ఒంటరిగా నిలబడి, వెనకవాళ్ళు దాటేదాకా రేవు విడవలేదని రాశాడు. చివరికి జెండా వాడి మీదే కప్పుకుందట. చదువుతుంటే రాయైనా కరిగిపోవాలి. రెండోసారి అచ్చు వెయ్యాల్సి వచ్చింది.

కిల్‌బారిన్ అనే ఊరే లేదు. పేరు బావుందని పెట్టానని తర్వాత నాతో అన్నాడు.

హంఫ్రీ పెళ్ళాం సిబిల్‌కి ఆ కబురు ఎవరూ వచ్చి చెప్పలేదు. పాడుబావికి ఎదురిల్లే వాళ్ళది. కిటికీ కింద కాగితాలమ్మేవాడు అరుస్తుంటే, మొగుడి పేరు వినపడి, చేతిలో పిండితో కిందికి దిగి, మొగుడి చావుని తనే కొనుక్కుంది. చదువు రాదు. నా దగ్గరికి తెచ్చింది. కొట్లో ఒకాయన చదివి వినిపించాడు. విన్నంతసేపూ నిలబడే ఉంది. "జెండా పట్టుకున్నాడా? వాడికి చలి పడదే," అంది. అంతే. తర్వాత ఇంటికెళ్ళి రొట్టెలు కాల్చింది. ఇద్దరు పిల్లలున్నారు మరి.

గిల్బర్ట్ ఆ రోజు కొట్లోనే ఉన్నాడు. తల ఎత్తలేదు.

ఒంటరి ఆడది ఇద్దరు పిల్లలతో ఎన్నాళ్ళు లాగుతుంది చెప్పండి? బట్టలుతికింది, రొట్టెలు కాల్చింది, ఇంటి అద్దె మీద పడింది. కొవ్వొత్తులు చేసే లాంబర్ట్ అని మా సందులోనే ఉండేవాడు, పెళ్ళాం పోయినవాడు. ఒంటి మీద ఎప్పుడూ గొర్రె కొవ్వు వాసనే కానీ మనసు మంచిది. పిల్లలు రాగానే ఒళ్ళో చోటిచ్చేవాడు. చేసుకుంటానన్నాడు. సిబిల్ చాలాకాలం ఊఁ అనలేదు, చివరికి అలిసిపోయి ఊఁ అంది. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. మొదటి ఆదివారం పాదిరిగారు చదివారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమన్నారు. ఎవరికుంటుంది?

ఆ వారంలోనే దెయ్యం లేచింది.

ముందు చప్పుడు. టక్... టక్... టక్... అని బావి చెక్కల మీద. యుద్ధం డప్పు అన్నారు. తర్వాత పేగులమ్మే బెస్ చూసింది. సందులోంచి వస్తుంటే, బావి గట్టు పక్కన తలమీద ముసుగుతో ఒక ఆకారం. కదలకుండా సిబిల్ కిటికీ వైపే చూస్తోంది. కిటికీలో వెలుతురు అటు పడి... మొహం కనపడింది. బెస్ గంపా పేగులూ అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చింది. "హంఫ్రీ... హంఫ్రీ..." తప్ప ఇంకో మాట రాలేదు దానికి. వేడి బీరు పోసి కూర్చోబెట్టాను. ఆ బీరు డబ్బులు ఇవ్వలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇక సందంతా చెవులు కొరుక్కోవడమే. పాపం శవానికి పూడ్చిపెట్టే దిక్కు లేక వచ్చాడని ఒకరు. పెళ్ళాం ఇంకొకణ్ణి చేసుకుంటుంటే ఊరుకుంటాడా అని ఒకరు. రెండో ఆదివారం పాదిరిగారు ప్రకటన చదువుతుంటే జనం సిబిల్ వైపు చూసిన చూపు... ఛీ, అవేం చూపులు. చర్చి అయ్యాక పాదిరిగారు ఆమెని పక్కకి పిలిచారు. మొగుడు పోయాడనడానికి ఆ కాగితం చాలదమ్మా, రాసినాయన వచ్చి బైబిలు మీద చెయ్యివేసి చెప్పాలి, లేకపోతే మూడోసారి చదవను అన్నారు. ఆయన భయం ఆయనది. మొగుడు బతికుండగా మారుమనువు చేసుకుంటే మా దగ్గర ఉరితీస్తారు.

సిబిల్ నా కొట్టుకి వచ్చింది. గిల్బర్ట్ బల్ల ముందు నిలబడింది. నేను గిన్నెలు తోముతున్నాను, వినపడింది.

"అయ్యా, ఆయన చచ్చాడని మీరే రాశారు," అంది. "ఆ మాటే పాదిరిగారి ముందు చెప్పండి. ఈ చలికాలం గడవకపోతే నా పిల్లలు రోడ్డు మీద పడతారు."

గిల్బర్ట్ ముందున్న కాగితం మీద చెయ్యి కప్పాడు.

"మీరు ఆయన గురించి మళ్ళీ ఇంకోటి రాయరు కదా?" అంది.

రాయనన్నాడు. ఆమె వెళ్ళిపోయింది.

వాడు ఆ రోజు బీరు ముట్టలేదు. అప్పుడు నాకు చెప్పాడు, రేవు లేదు, జెండా లేదు, హంఫ్రీ చచ్చాడో బతికాడో తనకే తెలీదని. కాగితం మీద ఎన్ని అబద్ధాలైనా రాసేస్తాడు కానీ బైబిలు అంటే వాడికి చచ్చేంత భయం. పాదిరి కావలసినవాడు కదా. బతికున్నవాణ్ణి చచ్చాడని చెబితే ఆ ఆడమనిషి మెడకి ఉరి తగిలించినట్టే. చెప్పకపోతే పిల్లలు రోడ్డు మీద. ఏం చెయ్యాలి తామసినక్కా అని నన్నడుగుతాడు! నేనేం చెప్పను? నాకు నడుం నొప్పి, పొయ్యిలో బొగ్గులు లేవు, వీడొకడు.

"చచ్చాడో లేదో ఆ చచ్చినవాణ్ణే అడుగు," అన్నాను. విసుగులో అన్నమాట అది. వాడు నిజంగానే వెళ్ళాడు.

ఆ రాత్రి జరిగింది వాడు తెల్లారి నాకు చెప్పినట్టే చెబుతాను. నేను ఒక్క ముక్క కలపను. కలపడం వాడి పని.

మంచు దట్టంగా దిగింది. బొగ్గు పొగ దానితో కలిసి, చెయ్యి చాచితే చెయ్యి కనపడదు. చేతిలో లాంతరు ఉంది కానీ సందు మొదట్లోనే ఆరిపోయింది. వెనక్కి తిరుగుదామనుకున్నాడు. అంతలో...

టక్... టక్...

ఆగి విన్నాడు. డప్పు కాదది. డప్పుకి ఒక వరస ఉంటుంది. ఇది ఆగుతోంది... మళ్ళీ కొడుతోంది... ఆగుతోంది. గోడ పట్టుకుని పట్టుకుని నడిచాడు. ఎదురింట్లో పై కిటికీలో ఒక్క కొవ్వొత్తి. ఆ వెలుతురు మంచులో పచ్చగా నానుతోంది. దాని కింద బావి గట్టు. గట్టు పక్కన—

ముసుగు. నిలువెత్తు. కదలడం లేదు.

దెయ్యం తనంతట తను మాట్లాడలేదనీ, బతికున్నవాడు దేవుడి పేరున ముందు అడగాలనీ మావాళ్ళ నమ్మకం. గిల్బర్ట్‌కి అది గుర్తొచ్చింది. అలాగే అడిగాడు.

"దేవుడి పేరున... అడుగుతున్నాను... ఎవరు నువ్వు?"

చప్పుడు ఆగిపోయింది. ముసుగు మెల్లగా ఇటు తిరిగింది. తర్వాత, చాలా నెమ్మదిగా...

"ఎవరో తెలీదా? నన్ను చంపింది నువ్వే కదా."

గిల్బర్ట్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. మోకాళ్ళ మీద పడ్డాడు. ప్రార్థన ఒక్క మాట కూడా నోటికి రావడం లేదు. ఆకారం దగ్గరికొచ్చింది. టక్... టక్... వంగింది. మొహం మీద ఊపిరి తగిలింది.

వెచ్చగా ఉంది ఊపిరి. ఉల్లిపాయ వాసన.

"పొగాకుందా?" అని అడిగింది దెయ్యం.

ఉంది. తీసి ఇచ్చాడు. ఆకారం బావి గట్టు మీద కూలబడి, చేతికర్ర పక్కన పెట్టి, చెకుముకి కొట్టి పొగగొట్టం ముట్టించుకుంది. నిప్పు వెలుగులో హంఫ్రీ హారో. సగానికి సగం అయిపోయాడు. ఎడమ పాదానికి గుడ్డలు చుట్టి ఉన్నాయి, చలికి వేళ్ళు రాలిపోయాయట. ఆ కర్రే చెక్కల మీద తట్టేది. చలిలో చేతులు బిగుసుకుపోకుండా తడుతున్నానన్నాడు.

గిల్బర్ట్‌కి ఏడుపొచ్చింది. బతికే ఉన్నావా అన్నాడు. ఏదోలే అన్నాడు హంఫ్రీ.

యుద్ధం ఏమిటి, ఎక్కడ అని అడిగితే నవ్వాడట. వాడు ఒక్క యుద్ధం కూడా చూడలేదు. వానలో నడిచారు. తిండి లేదు. సగంమంది కడుపుజారి దారిపక్కన చచ్చారు. తిరుగుబాటుదారులవని చూపించిన ఊళ్ళు తగలబెట్టమన్నారు, తగలబెట్టారు. లోపల ముసలివాళ్ళూ ఆవులూ ఉన్నాయి. ఒక రోజు ఆ పని చెయ్యలేక, పొదల్లో పడుకుండిపోయి, పటాలం వెళ్ళిపోయాక ఇటు పారిపోయి వచ్చాడు. పారిపోయినవాడికి శిక్ష ఏమిటో ఇద్దరికీ తెలుసు.

"చెస్టర్‌లో ఓడ దిగాక ఒక కొట్లో నీ కాగితం చదువుతున్నారు," అన్నాడు హంఫ్రీ. "నేను వెనక కూర్చుని విన్నాను. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఎంత బాగా చచ్చాడు వాడు!"

కాసేపు పొగ తాగాడు. ఒక్కసారి ఆ ముక్క చెప్పవా అన్నాడు. గిల్బర్ట్‌కి అది నోటికొచ్చు. మంచు, రేవు, జెండా, నడుములోతు నీళ్ళు... మొత్తం చెప్పాడు. హంఫ్రీ కళ్ళు మూసుకుని విన్నాడు, పిల్లవాడు కథ విన్నట్టు.

గిల్బర్ట్ ఉండబట్టలేక, ఇంకో కాగితం రాస్తానన్నాడు. చచ్చాడనుకున్న వీరుడు దేవుడి దయవల్ల తిరిగొచ్చాడని రాస్తే జనం భుజాలమీద మోస్తారన్నాడు.

"మోసుకుని ఉరికంబం దగ్గరికే కదా," అన్నాడు హంఫ్రీ. "వద్దు. నా కొడుకుకి రేవు దగ్గర నిలబడ్డ నాన్నే ఉండనీ." తర్వాత అడిగాడు, "లాంబర్ట్ పిల్లల్ని కొడతాడా?"

లేదన్నాడు గిల్బర్ట్.

"నిజంగా?"

"నిజంగా. అబద్ధం కాదు."

"అయితే వెళ్ళి ప్రమాణం చెయ్యి. ఊరందరి కోసం ఇన్ని అబద్ధాలు రాశావు. నా ఇంటి కోసం ఒకటి చెప్పు." కర్ర అందుకుని లేచాడు. ఇంకెన్నో రాత్రులు రాను, పిల్లలు పడుకునేముందు కిటికీ దగ్గరికి వస్తారు, అందుకని వస్తున్నానన్నాడు. మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు. సిబిల్‌కి తెలియకూడదని ఒట్టు వేయించుకునే వెళ్ళాడు.

ఇదంతా నాకు చెప్పి గిల్బర్ట్ బల్ల మీద తల పెట్టుకుని పడుకున్నాడు. నేను లేపలేదు. మధ్యాహ్నం లేచి, మొహం కడుక్కుని, పాదిరిగారి దగ్గరికెళ్ళి, బైబిలు మీద చెయ్యివేసి, హంఫ్రీ హారో కిల్‌బారిన్ రేవు దగ్గర చచ్చాడని చెప్పి వచ్చాడు. వచ్చాక చాలాసేపు ఆ చెయ్యి ఆప్రాను గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. నా గుడ్డే అది. ఏమీ అనబుద్ధి కాలేదు.

మూడో ఆదివారం ప్రకటన చదివారు. ఎవరూ నోరు మెదపలేదు. నాలుగు రోజులాగి పెళ్ళి. పెళ్ళికూతురు చర్చి మెట్ల దగ్గర బీదవాళ్ళకి రొట్టెలు పంచాలి మా పేటలో. రొట్టెల గంప మోసే పని నా నెత్తినే పడింది, ఇంకెవరున్నారు గనక. లాంబర్ట్ పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని ముందు నడుస్తున్నాడు. సిబిల్ ఒక్కొక్కళ్ళకీ రొట్టె ఇస్తూ వస్తోంది, నేను వెనక గంపతో.

వరస చివర చూశాను. కర్ర మీద ఆనుకుని, ముసుగు గడ్డం దాకా లాక్కుని, తల వంచుకుని వాడు. అంత దగ్గరికి ఎందుకొచ్చాడురా దేవుడా అనుకున్నాను. పిల్లల్ని పగటిపూట ఒక్కసారి చూద్దామని వచ్చుంటాడు. ఇటు చూస్తే సిబిల్ వచ్చేస్తోంది, అటు చూస్తే వాడు కదల్లేడు, ఆ కాలుతో ఎక్కడికి పోతాడు. సిబిల్‌ని పక్కకి లాగేద్దామనుకున్నాను, గంపతో చేతులు ఖాళీ లేవు. పెళ్ళి జరిగిపోయింది. ఇప్పుడు ఈమె గుర్తుపట్టి కేకవేసిందంటే ఇద్దరికీ తాడే.

సిబిల్ వాడి ముందు ఆగింది. గంపలోంచి పెద్ద రొట్టె ఏరి తీసింది. వాడి చెయ్యి తెరిచి, అందులో పెట్టి, తన రెండు చేతులతో ఆ చెయ్యి మూసింది. మొహం వైపు చూడలేదు. పెదవులు కదిలాయి. పక్కన నేను కాబట్టి వినపడింది, ఇంకొకళ్ళకి వినపడదు.

"రాత్రులు మంచు పెరుగుతోంది హంఫ్రీ. ఇక బావి దగ్గర నిలబడకు."

తర్వాత నా వైపు తిరిగి, రొట్టెలు అయిపోయాయి కదక్కా, పద, అంది.